ఫోన్ ఎత్తవు కాబట్టి ఉత్తరం

చిన్నా,

ప్రభువు నామంలో నీకు శుభాలు. దేవుని కృపవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న మోకాలి నొప్పి కాస్త తగ్గింది. చెల్లి పరీక్షలు అయిపోయాయి. బుజ్జి పెద్దమ్మ వాళ్లతో మళ్లీ మాటలు కలిశాయి, అదంతా ఫోన్లో చెప్పాల్సిన సంగతి. నువ్వు ఫోన్ ఎత్తితే కదా.

పెద్దమ్మే చెప్పింది, మీ హీరో గురించి ఎవరితోనో గొడవపడి చొక్కా చింపుకున్నావట. వాయిదాల మీద కొత్త బండి కూడా తీసుకున్నావట. దెబ్బలేమైనా తగిలాయా అంటే తనకు తెలీదంది. సరేలే, దాని గురించి రాయడానికి కూర్చోలేదు నేను.

పొద్దున బైబిల్లో వాక్యం చదువుతుంటే అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయం వచ్చింది. సండే స్కూల్లో నువ్వు దుప్పటి కప్పుకుని పౌలు వేషం వేసిన కథే. లుస్త్ర అనే ఊళ్లో పుట్టినప్పటి నుంచీ ఒక్క అడుగు వేయని మనిషి ఒకడు కూర్చుని, యేసయ్య సువార్త చెప్తూ తిరిగే పౌలు మాటలు వింటున్నాడు. పౌలు అతనివైపు తేరిచూసి, లేచి నిలబడమన్నాడు. అతను గంతులేసి నడిచాడు. ఇంకేముంది, జనం వెర్రెత్తిపోయారు. దేవుళ్లే మనుషులై దిగొచ్చారని వాళ్ల లుకయోనియ భాషలో కేకలు పెట్టారు. పౌలు తోడుగా వచ్చిన బర్నబాకి ద్యుపతి అని, బాగా మాట్లాడుతున్నాడని పౌలుకి హెర్మే అని తమ దేవుళ్ల పేర్లు పెట్టారు. పూజారి ఎద్దులు, పూలదండలు పట్టుకుని గుమ్మాల దగ్గరికి వచ్చేశాడు. అప్పుడు వీళ్లిద్దరూ ఏం చేశారు? బట్టలు చింపుకుని ఆ గుంపులోకి పరుగెత్తారు, మేమూ మీలాంటి మనుషులమేనయ్యా అంటూ. బలి ఆపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అంతలో అంతియొకయ నుంచి, ఈకొనియ నుంచి కొందరు వచ్చి జనాన్ని తమవైపు తిప్పుకున్నారు. పౌలుని రాళ్లతో కొట్టి, చచ్చాడనుకుని ఊరి బయటికి ఈడ్చేశారు. దండలు తెచ్చిన ఊరే కదా అది! పౌలు లేచాడు, మళ్లీ ఆ ఊళ్లోకే వెళ్లాడు. మర్నాడు దెర్బేకి బయల్దేరాడు.

నాకు మొక్కొద్దని ఆయన బట్టలు చింపుకున్నాడు నాన్నా. నీ చొక్కా దేనికి చిరిగింది?

సినిమాలు చూడొద్దని నేనెప్పుడూ అనలేదు. నాన్న అంటే నేనే అడ్డుపడతాను. కానీ ఐదువేల మందికి రొట్టెలు పంచిన రోజు జనం యేసయ్యని బలవంతంగా రాజుని చేయబోతే, ఆయన ఒక్కడే కొండకి వెళ్లిపోయాడు. సిలువ ముందుకొచ్చినప్పుడు మాత్రం తప్పించుకోలేదు. నా పాపానికీ నీ పాపానికీ ప్రాణం పెట్టినవాడు ఆయనే. నీ హీరో మంచివాడే అయ్యుండొచ్చు, ఆ పని మాత్రం అతని వల్ల కాదు. అతనికీ రక్షకుడు కావాల్సిందే.

బండి విషయం. ఆస్తి ఉండటం పాపమని నేననను. ఆస్తిపరుడైన ఆ యౌవనుడు గుర్తున్నాడా, అన్నీ అమ్మి బీదలకిచ్చి నన్ను వెంబడించమని యేసయ్య అంటే దిగులుగా వెళ్లిపోయాడు. యేసయ్య చెప్పిన కథలో పొలంలో దాచిన ధనం దొరికినవాడు కూడా ఆ పొలం కొనడానికి ఉన్నదంతా అమ్మాడు, కాకపోతే సంతోషంతో అమ్మాడు. దొరికిందేమిటో తెలిసింది కాబట్టి. పౌలుకి మాత్రం వంశం లేదా, చదువు లేదా? క్రీస్తు కోసం అవన్నీ పెంటతో సమానమని సంకెళ్లలో ఉండి రాశాడు. బండి నువ్వు తుడుచుకుంటావో, అదే నిన్ను నడిపిస్తుందో నాకు తెలీదు. వాయిదా కోసం ఆదివారం కూడా డ్యూటీకి ఒప్పుకుంటున్నావట, అదీ పెద్దమ్మ మాటే. ఆరాధనకి వెళ్తున్నావా లేదా అని ఎవరినో అడిగి తెలుసుకోవాల్సి వస్తోంది నాకు.

చూశావా, తిట్టకూడదనుకుంటూనే తిట్టేశాను.

బండి కాగితాలు ఫోటో తీసి నాన్నకి పంపు, వడ్డీ ఎంత వేశారో ఆయన చూస్తారు. హెల్మెట్ మంచిది కొన్నావా? రాత్రిళ్లు కంటిమీద కునుకు లేకుండా సెల్ చూడకు, నీకు తలనొప్పి తొందరగా వస్తుంది. నీ పాత బైబిల్, మార్జిన్లలో నువ్వు బొమ్మలు గీసింది, చెల్లి అల్మారాలో దొరికింది. కొరియర్ చేస్తాను. గది మారావని కూడా అంటున్నారు, నిజమైతే కొత్త అడ్రస్ పెట్టు.

ప్రార్థనలతో,
అమ్మ