ఈసారి సీతారాముల పెళ్లి పందిట్లోనే: మన రామాలయం కమిటీ విరాళాల విజ్ఞప్తి

శ్రీరామ

ఊళ్లో ఉన్న పెద్దలకు, బయటి ఊళ్లలోనూ పై దేశాల్లోనూ ఉన్న మన ఊరి ఆడపడుచులకు, అల్లుళ్లకు, పిల్లలకు రామాలయం ఉత్సవ కమిటీ నమస్కారాలు.

రాబోయే శుభకృత్ నామ సంవత్సర చైత్ర శుద్ధ నవమి, 2022 ఏప్రిల్ 10 ఆదివారం మధ్యాహ్నం అభిజిల్లగ్నంలో సీతారాముల కల్యాణం జరిపిస్తున్నాం. తలుపులు దగ్గరేసుకుని గర్భగుడి ముందు కాదు, వీధిలో పందిరి వేసి, ఊరందరి ఎదుట. ఈ ఒక్క వాక్యం రాయడానికి మనకు మూడేళ్లు పట్టింది.

2020లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. సరిగ్గా ఉగాది నాడు, మార్చి 25న, దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. అప్పటికే చందాలు వసూలయ్యాయి, మేళానికి బయానా ఇచ్చేశాం, తాటాకులు కొట్టించి చెరువు గట్టున పేర్పించాం. ఏప్రిల్ 2న నవమి నాడు పూజారిగారు, ఆయన భార్య, కమిటీ తరఫున ఒక్క మనిషి. అంతే పెళ్లివారు. భద్రాద్రి రామయ్యకే ఆ ఏడు భక్తులు లేకుండా గుడి లోపల కల్యాణం జరిగింది, మనమెంత. ఆ తాటాకులు వానకు తడిసి, చివికి, ఎవరి పొయ్యిల్లోకో పోయాయి.

2021 సంగతి వేరు. ఆ తప్పు మాది, ఇన్నాళ్లకు రాసి మరీ ఒప్పుకుంటున్నాం. ఏప్రిల్ 21న పదిమందితో కానిద్దామనుకున్నాం. సూత్రధారణ వేళకు మండపం నిండి మెట్ల మీద దాకా జనం. రామా అంటూ వచ్చినవాళ్లను పొమ్మనడానికి మాకు నోరు రాలేదు. తర్వాత రెండు వారాల్లో ఎన్ని ఇళ్లలో మంచం పట్టారో వేరే చెప్పక్కర్లేదు. అది గుళ్లోనే అంటుకుందో, సంతలోనో ఎవరూ తేల్చలేరు. కానీ ఆ రోజు తలుపు వేయాల్సినవాళ్లం మేము, వేయలేదు. అందుకే ఈసారి పండగ ఎంత బాగా చేస్తామో చెప్పే ముందు ఎంత జాగ్రత్తగా చేస్తామో చెబుతున్నాం.

కోవిడ్ కట్టడి ఉత్తర్వులు ఈ మార్చి 31తో ముగుస్తాయని, మాస్కు, చేతుల శుభ్రం మాత్రం మానొద్దని కేంద్రం చెప్పింది. భద్రాచలంలోనూ ఈ ఏడు మిథిలా స్టేడియంలో భక్తుల మధ్యే కల్యాణానికి ఏర్పాట్లు చేస్తున్నారు. కాబట్టి మనకూ అడ్డు లేదు. పందిరి ఈసారి రెండు వీధుల మొగదాకా వేయిస్తున్నాం. పక్కలకు గుడ్డలు కట్టం, గాలి ఆడాలి. ముసలివాళ్లకు, గుండె జబ్బు, షుగరు ఉన్నవాళ్లకు తూర్పు వైపు విడిగా కుర్చీలు. వాళ్లు పదిన్నరకల్లా వచ్చి కూర్చుంటే తోపులాట తప్పుతుంది. భోజనాలు ఒకే బంతిలో కాకుండా నాలుగు బంతులు. ఒంట్లో నలతగా ఉన్నవాళ్లు దయచేసి ఇంట్లోనే ఉండండి. వడపప్పు, పానకం, తలంబ్రాలు గుమ్మంలోకే వస్తాయి, కుర్రవాళ్లకు వీధులు పంచేశాం. పన్నెండేళ్లు దాటిన పిల్లలకు మార్చి 16 నుంచి టీకా వేస్తున్నారు, ఇంకా వేయించనివాళ్లు పండగలోపు వేయించండి.

పానకం గురించి ఒక మాట. ఇన్నేళ్లూ ఇత్తడి గంగాళంలో కలిపి పెడితే ఎవరి చెంబు వాళ్లు ముంచుకునేవాళ్లం. చేయి పానకంలో మునిగితేనే రుచి అన్నట్టు ఉండేది. ఈసారి కొళాయి ఉన్న డ్రమ్ము, కాగితం గ్లాసులు. బెల్లం, మిరియాలు, యాలకులు, శొంఠి పాళ్లు మాత్రం మారవు. దంచేది ప్రతి ఏడూ దంచే చేతులే.

ఇక లెక్కలు. 2020 చందా ఏమైందని అరుగు మీద అడుగుతూనే ఉన్నారు, అడగాల్సిందే. వసూలైంది 1,12,500 రూపాయలు. మేళం బయానా 10,000. తాటాకులకు 6,500. లోపల జరిగిన కల్యాణానికి 4,000. లాక్‌డౌన్‌లో పనులు ఆగిపోయిన ఇళ్లకు బియ్యం, కందిపప్పు, నూనె పంచడానికి 74,000. ఈ పంపకానికి దాతలందరినీ ముందుగా అడగలేకపోయాం, కనపడినవాళ్లనే అడిగాం. రాముడి డబ్బు బియ్యానికి వాడతారా అని ఒకరిద్దరు నొచ్చుకున్నారు. వాళ్ల మాట కొట్టిపారేయం గాని, మళ్లీ ఆ రోజులొస్తే మళ్లీ అదే చేస్తాం. మిగిలిన 18,000 బ్యాంకులో ఉంది. 2021లో పైసా వసూలు చేయలేదు.

బయానా అంటే ఒకటి చెప్పాలి. మన డోలు ఆయన ఈ రెండేళ్లూ రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా కాశాడు. పెళ్లిళ్లు లేవు, ఉన్నా మేళం లేదు. మొన్న మాట్లాడటానికి వెళితే చెరువు గట్టు మీది పాకలో డోలు బియ్యం సంచిలో చుట్టి, దూలానికి వేలాడదీసి ఉంది. దించి రెండు దెబ్బలు వేసి చూశాడు. చర్మం వదులైపోయింది, చప్పుడు చచ్చిపోయింది. కొత్తగా మూత వేయించాలి. అయినా ఆయన ముందుగా అన్న మాట, ఆ పదివేలూ ఇంకా నా మీద ఉన్నాయండీ, ఈ ఏటికి కట్టుకోండి అని. కట్టుకోం. అది అయిపోయిన సంవత్సరం బయానా. ఈ ఏడుది ఈ ఏడే ఇస్తాం, మూత ఖర్చు కూడా వేసి. దీనికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి.

ఈ ఏటి అంచనా: పందిరి, పూలు, మధుపర్కాలు, పురోహితులు, మేళం కలిపి 55,000. అన్న సమారాధనకు 85,000. చేతులు కడుక్కునే కొళాయిలు, మాస్కులు, గ్లాసులు, పారిశుద్ధ్యం పనివాళ్ల కూలి 12,000. మొత్తం 1,52,000. చేతిలో ఉన్నది తీసేస్తే కావలసింది 1,34,000 రూపాయలు. భోజనం ఖర్చు ఎక్కువనిపిస్తే నూనె ధర ఒకసారి చూడండి. ఎక్కడో ఉక్రెయిన్‌లో యుద్ధం, మన పులిహోర పోపుకు ఎసరు. మొన్న 22న గ్యాసు బండ మీదా యాభై పెరిగింది. అందుకే కట్టెల పొయ్యి మీదే వండిస్తున్నాం. డీజే లేదు, బాణసంచా లేదు. కుర్రవాళ్లు మూతి ముడుచుకున్నారు, రెండు రోజుల్లో వాళ్లే సర్దుకున్నారు.

పీటల మీద కూర్చునే అవకాశానికి ఈసారి వేలం పాట పెట్టడం లేదు. 2020లో బట్టలు కూడా కొనుక్కుని కూర్చోలేకపోయిన దంపతులే కూర్చుంటారు.

చందా పుస్తకం ఉగాది మర్నాటి నుంచి ఇంటింటికీ వస్తుంది. కొన్ని గుమ్మాల ముందు మాత్రం ఆగదు. నిరుడు మనిషిని పోగొట్టుకుని ఇంకా సంవత్సరీకాలు కాని ఇళ్లు మన ఊళ్లో ఉన్నాయి. ఏటి సూతకంలో ఉన్నవాళ్లను పండగ చందా అడగడం మన ఆనవాయితీ కాదు. అలాగని వాళ్లు పండగకు పరాయివాళ్లూ కారు. పూజారిగారిని అడిగాం. కల్యాణంలో కర్తలుగా కూర్చోకపోయినా పందిట్లో కూర్చుని చూడటానికి, భోజనానికి ఏ అడ్డూ లేదన్నారు. రావాలనిపిస్తే రండి. రావాలనిపించకపోతే క్యారేజీ పంపుతాం, తీసుకోండి. ఎందుకు రాలేదని ఎవరూ అడగరు.

విరాళాల్లో ఏమైనా మిగిలితే, సంపాదించే మనిషి పోయిన ఇళ్లలో పిల్లల జూన్ నెల ఫీజులకు, పుస్తకాలకు ఇస్తాం. ఇళ్ల పేర్లు రాయం. ఎవరికి ఎంత ఇచ్చామో చూడాలనుకున్న దాత గుడికి వచ్చి పుస్తకం చూసుకోవచ్చు.

డబ్బే ఇవ్వాలని లేదు. బియ్యం, బెల్లం, కొబ్బరికాయలు, అరటి గెలలు, కట్టెలు, ఒక పూట వంటకు చేయి, ఏదైనా రాసుకుంటాం. తలంబ్రాలకు ఇంటికో గుప్పెడు వడ్లు ఇవ్వండి. కోరుకొండ వాళ్లు భద్రాద్రి తలంబ్రాలకు వడ్లు గోటితో ఒలిచి పంపుతారు కదా, అది చూసి మన ఆడవాళ్లు ఈసారి మన రాముడికీ అలాగే అంటూ సాయంత్రాలు గుడి అరుగు మీద కూర్చుని ఒలుస్తున్నారు. నిన్నటికి సోలెడు అయ్యాయి. విరిగిన గింజ కనపడితే పక్కన పెట్టేస్తున్నారు. చేతి వేళ్లు మండుతున్నాయంటూనే రెండేళ్లుగా చెప్పుకోని కబుర్లన్నీ చెప్పుకుంటున్నారు. ఒక పెద్దావిడ మాస్కు గడ్డం కిందకు లాగి మాట్లాడి, మళ్లీ పైకి లాక్కుని ఒలుస్తోంది. చేరాలనుకున్నవాళ్లు నాలుగింటికి రండి, వడ్లకు కొదవ లేదు.

బయట ఉన్నవారికి రెండు ముక్కలు. భారత పౌరసత్వంతో విదేశాల్లో ఉన్నవాళ్లు మీ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు మాత్రం పంపకండి. అది విదేశీ విరాళం కింద లెక్క, దానికి కావలసిన అనుమతి మనకు లేదు. మీరు సెలవు పెట్టి రండి, వడ్డన మీకే అప్పగిస్తాం. మన కమిటీ రశీదుతో ఆదాయపు పన్ను రాయితీ కూడా రాదు, ముందే చెబుతున్నాం. గుడి గోడ మీద అంటించిన క్యూఆర్ కోడ్ తప్ప వేరే ఏ నంబరుకూ డబ్బు వేయకండి. ప్రతి రూపాయికీ రశీదు అడిగి తీసుకోండి. ఏప్రిల్ 7 సాయంత్రంలోగా అందితే సరుకులు తేవడానికి వీలవుతుంది. జమాఖర్చులు ఏప్రిల్ 17 ఆదివారం ఉదయం గుడి దగ్గర చదువుతాం.

ఇట్లు,
శ్రీరామనవమి ఉత్సవ కమిటీ
25-3-2022

తా.క. 2020లో బియ్యం పంచడానికి తీసుకెళ్లిన ఇత్తడి గంగాళం ఇంకా గుడికి చేరలేదు. ఎవరింట్లో ఉన్నా అడగం, చెప్పం. చీకటి పడ్డాక అరుగు మీద పెట్టి వెళ్లినా చాలు. పానకానికి కాకపోయినా, వడపప్పు నానబెట్టడానికి కావాలి.