మన హాలు ఎవరి పేరు మీద ఉండాలి? (2025 వార్షిక నివేదిక)

డబ్లిన్‌లోని మన తెలుగు అసోసియేషన్ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది ఉగాది, వినాయక చవితి, బతుకమ్మ, దీపావళి అన్నీ బాగానే జరిగాయి. పిల్లల తెలుగు క్లాసు నడుస్తోంది, శుక్రవారం రాత్రి టాలా స్టేడియానికి ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి వెళ్లే మన బ్యాచ్ కూడా పెరిగింది. జమాఖర్చుల పట్టిక ట్రెజరర్ గారు విడిగా పంపారు, చూసుకోండి. బతుకమ్మ ముందు హాలు వాళ్లు బుకింగ్ క్యాన్సిల్ చేసి మనందరికీ ఎంత టెన్షన్ పెట్టారో తెలిసిందే కాబట్టి మళ్లీ ఎత్తను. సొంత హాలు మాట మొదలైంది ఆ దెబ్బతోనే, ఈ నివేదికలో ఎక్కువ భాగం కూడా దాని గురించే.

కమిటీ ముందుకి రెండు ప్రతిపాదనలు వచ్చాయి. మన సభ్యుల్లో ఒకాయన ఒక పాత గోడౌన్ తన పేరు మీద కొంటానని, లోను కూడా తనే తెచ్చుకుంటానని, నిధి జమ అయ్యాక అసోసియేషన్‌కి రాసిచ్చేస్తానని అన్నారు. ఆయన మంచి మనసు మీద ఎవరికీ అనుమానం లేదు. కొనుగోలు ఎందుకు, కౌన్సిల్‌తో మాట్లాడి ఏదైనా స్థలం దీర్ఘకాలం లీజుకి తీసుకుందామని ఇంకొందరు అన్నారు. వాదన వేడెక్కుతుంటే ఫుట్‌బాల్ బ్యాచ్ వాళ్లు అడ్డొచ్చి, ఈ ఐర్లండ్‌లో ఫుట్‌బాల్ క్లబ్బులు ఇదే ప్రశ్న దగ్గర ఎలా మునిగాయో చూడండి అన్నారు. ఆ మాటలు విన్నాక వాటిని రాసి అందరికీ పంపాలని కమిటీ నిర్ణయించింది.

ముందు మన పక్కనున్న, టాలా స్టేడియంలో ఆడే షామ్‌రాక్ రోవర్స్ క్లబ్ సంగతే చూడండి. వాళ్ల అసలు ఇల్లు మిల్‌టౌన్‌లోని గ్లెన్‌మాల్యూర్ పార్క్, 1926 నుంచి అక్కడే ఆడేవాళ్లు. స్థలం జెస్యూట్ ఫాదర్లది (కాథలిక్ మతగురువుల సంఘం). క్లబ్ మాత్రం 1972 నుంచి కిల్‌కోయిన్ కుటుంబం చేతిలో ఉంది. 1984 నుంచి 1987 దాకా వరసగా నాలుగు లీగ్ టైటిళ్లు గెలిచిన జట్టు అది, అయినా గేటు దగ్గర రాబడి చాలడం లేదని యజమానుల మాట. వాళ్లు జెస్యూట్ల దగ్గర ఆ స్థలం కొని, గ్రౌండ్ మూసేసి ఇళ్ల కోసం అమ్మే ఏర్పాటు చేశారు. 1987 ఏప్రిల్ 12న స్లైగో రోవర్స్‌తో కప్ సెమీఫైనల్ అక్కడ ఆఖరి మ్యాచ్ అయింది. అభిమానులు ఊరుకోలేదు, జట్టుని టోల్కా పార్క్‌కి మారిస్తే అక్కడికి వెళ్లడం మానేసి గేటు బయట నిలబడి వచ్చేవాళ్లని కూడా ఆపారు. మరుసటి ఏడాది ఆ కుటుంబం క్లబ్ వదిలేసుకుంది. గ్రౌండ్ మాత్రం తిరిగి రాలేదు, ఇప్పుడు అక్కడ అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. ఆ తర్వాత 22 ఏళ్లు రోవర్స్ అద్దె ఇళ్లు మారుతూ తిరిగారు: టోల్కా, డాలీమౌంట్, ఆర్‌డీఎస్, శాంట్రీలో మోర్టన్ స్టేడియం, ఇంకా ఎక్కడెక్కడో.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆ రోజు క్లబ్‌ని మోసం చేసి ఎవరూ సంతకం ఫోర్జరీ చేయలేదు. కాగితాల మీద హక్కు ఎవరికి ఉందో వాళ్లే అమ్ముకున్నారు, అంతే. మన గోడౌన్ విషయంలో కమిటీ భయం కూడా అదే. ఆ సభ్యుడు గారు మాట తప్పుతారని మేము అనడం లేదు, రేపు ఆయన వ్యాపారం దెబ్బ తిని బ్యాంకు వాళ్లు వస్తే వాళ్లకి కాగితం మీద ఆయన పేరే కనిపిస్తుంది, మన ఉగాది కనిపించదు.

టాలా కథ కూడా పూలబాటేం కాదు. రోవర్స్ 2000 ప్రాంతంలో అక్కడ సొంతంగా స్టేడియం మొదలుపెట్టారు, డబ్బు అయిపోయింది, సగం లేచిన కాంక్రీటు స్టాండు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. 2005లో క్లబ్ ఎగ్జామినర్‌షిప్‌లోకి వెళ్లింది, అంటే కోర్టు రక్షణలో అప్పులవాళ్లని కొంతకాలం ఆపి, క్లబ్‌ని బతికించే దారి వెతకడం. పాయింట్లు కోతపడ్డాయి, చరిత్రలో మొదటిసారి కింది డివిజన్‌కి జారారు. అప్పుడు అభిమానులే తలా కొంత వేసుకుని క్లబ్‌ని తీసుకున్నారు. స్థలాన్ని సౌత్ డబ్లిన్ కౌంటీ కౌన్సిల్ వెనక్కి తీసుకుని, స్టేడియం తనే పూర్తి చేస్తానంది. మధ్యలో స్థానిక గేలిక్ (ఐర్లండ్ సంప్రదాయ ఆటల) క్లబ్ థామస్ డేవిస్ వాళ్లు, పిచ్ తమ ఆటలకి కూడా సరిపోవాలని కోర్టుకెక్కి ఓడిపోయారు, దాంతో ఇంకొంత ఆలస్యం. 2009 మార్చిలో గేట్లు తెరుచుకున్నాయి. అదే జులైలో రియల్ మాడ్రిడ్ వచ్చింది, ఆ జెర్సీలో రొనాల్డో మొదటి మ్యాచ్ ఆడింది మన టాలాలోనే (మన పిల్లలకి ఇది చెబితే నమ్మరు). 2011లో యూరోపా లీగ్ (యూరప్ క్లబ్బుల టోర్నీ) గ్రూప్ దశకి వెళ్లిన మొదటి ఐరిష్ క్లబ్ కూడా వీళ్లే.

ఇప్పుడు రోవర్స్‌లో రే విల్సన్, డెర్మట్ డెస్మండ్ అనే ఇద్దరు వ్యాపారులకి చెరో పాతిక శాతం ఉంది, మిగతా సగం సభ్యులది. ఎంత పెద్ద డబ్బున్నవాళ్లు లోపలికి వచ్చినా స్టేడియాన్ని అమ్మలేరు, ఎందుకంటే అది కౌన్సిల్‌ది, క్లబ్ అద్దెకుంటుంది. 1987లో లీగ్, కప్ రెండూ గెలిచిన ఏడాదే గ్రౌండ్ పోయింది, మళ్లీ ఆ రెండూ కలిసి వచ్చింది ఈ 2025లోనే.

అలాగని సభ్యుల పేరు మీద ఉంటే చాలు అనుకోకండి, డబ్లిన్‌లోనే ఇంకో క్లబ్ బొహీమియన్స్ ఉదాహరణ ఉంది. ఆ క్లబ్ పూర్తిగా సభ్యులది, వాళ్ల గ్రౌండ్ డాలీమౌంట్ పార్క్ కూడా అప్పట్లో వాళ్లదే. 2006లో, బూమ్ నెత్తికెక్కిన రోజుల్లో, లియామ్ క్యారల్ అనే బిల్డర్ గ్రౌండ్‌కి సుమారు 65 మిలియన్ యూరోల బేరం పెట్టాడు, ఊరి చివర కొత్త స్టేడియం కూడా అందులో భాగమే. సభ్యులు ఒప్పుకున్నారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రాని డబ్బుని నమ్ముకుని ఆటగాళ్ల జీతాలు పెంచుకుంటూ పోయారు. 2008, 2009ల్లో లీగ్ గెలిచారు కూడా. ఈలోగా గ్రౌండ్‌లో ఒక ముక్క గురించి అంతకుముందే ఇంకో కంపెనీతో చేసుకున్న ఒప్పందం ఉందని కోర్టు తేల్చింది, రియల్ ఎస్టేట్ కూలింది, క్యారల్ సామ్రాజ్యం కూలింది, చేతిలో అప్పు మిగిలింది. చివరికి 2015లో డబ్లిన్ సిటీ కౌన్సిల్ 3.8 మిలియన్లకి డాలీమౌంట్ కొంది. 65 ఎక్కడ, 3.8 ఎక్కడ! ఒక్క మీటింగ్‌లో, ఆ పూట ఉత్సాహంతో, మామూలు మెజారిటీతో ఆస్తి అమ్మే వీలు మన నియమావళిలో ఉండకూడదని కమిటీ అనడానికి కారణం ఇదే.

కార్క్ సిటీ క్లబ్‌ది ఇంకో దారి. 2010 ఫిబ్రవరిలో క్లబ్‌ని నడిపే కంపెనీ మూతపడింది, బకాయిలు అలాంటివి. కానీ టర్నర్స్ క్రాస్ గ్రౌండ్ మన్‌స్టర్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌ది కాబట్టి అప్పులవాళ్లకి దొరకలేదు. ఫోరాస్ అనే అభిమానుల ట్రస్టు కింది డివిజన్‌లో అదే ఏడాది అదే గ్రౌండ్‌లో జట్టుని దింపింది, 2017లో లీగ్, కప్ రెండూ కొట్టింది. తర్వాత మళ్లీ డబ్బు కరువై, ఆ ట్రస్టు సభ్యులే ఓటేసి క్లబ్‌ని ఒక వ్యాపారికి ఇచ్చారు, అది వేరే సంగతి.

డండాక్ క్లబ్ సంగతి కూడా చెప్పుకోవాలి. 2014 నుంచి ఆరేళ్లలో ఐదు లీగ్ టైటిళ్లు, 2016లో యూరోపా గ్రూప్ దశ, కోట్లలో ఆదాయం. వాళ్ల గ్రౌండ్ ఓరియల్ పార్క్ యూరప్ ప్రమాణాలకి తూగక ఆ గ్రూప్ మ్యాచ్‌లు టాలాకి తెచ్చుకుని ఆడారు. యజమానులు ఒకరి తర్వాత ఒకరు మారారు, 2024 సెప్టెంబర్‌లో క్లబ్ మూసివేత అంచుదాకా వెళ్లి బయటపడింది. అంత డబ్బు వచ్చిపోయాక కూడా గ్రౌండ్ దాదాపు ఎలా ఉందో అలాగే ఉంది, నాకైతే అన్నిటికంటే బాధ అనిపించింది ఇదే. స్పోర్టింగ్ ఫింగల్ అనే క్లబ్ పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు: బిల్డర్ డబ్బుతో పుట్టి, అద్దె గ్రౌండ్‌లో ఆడి, 2009లో కప్ గెలిచి, 2011 ఫిబ్రవరికల్లా లేదు.

పై సంస్థ కూడా తక్కువేం తినలేదు. అవీవా స్టేడియంలో తన వాటా కోసం ఎఫ్ఏఐ (ఐర్లండ్ ఫుట్‌బాల్ సంఘం) చేసిన అప్పులు, 2019లో బయటపడ్డ లెక్కలు, 55 మిలియన్ యూరోలు దాటిన బకాయిలు, చివరికి ప్రభుత్వం వచ్చి ఆదుకోవడం అన్నీ పేపర్లలో చదివినవే. ఆ గొడవంతా మొదలైంది సంస్థకి దాని పెద్ద ఇచ్చిన ఒక లక్ష యూరోల అప్పు బయటపడటంతో. అందుకే మన భవన నిధికి సభ్యులెవరైనా చేబదులు ఇస్తే, అది వడ్డీ లేకపోయినా సరే, ముందు కమిటీ మినిట్స్‌లో ఎక్కాలి.

ఇక కమిటీ సిఫార్సు. ఎవరి సొంత పేరు మీదా కొనొద్దు. అసోసియేషన్‌ని గ్యారంటీ కంపెనీగా (వాటాదారులు లేకుండా సభ్యుల హామీ మీద నడిచే కంపెనీగా) మార్చి, ఛారిటీస్ రెగ్యులేటర్ దగ్గర నమోదు చేయించి, దాని పేరు మీదే లీజైనా కొనుగోలైనా చేద్దాం. ఆస్తి అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా ప్రత్యేక తీర్మానం, అంటే నాలుగింట మూడు వంతుల ఓట్లు, తప్పనిసరి చేద్దాం. కౌన్సిల్ లీజుకి నా ఓటు, ఇది నా సొంత అభిప్రాయం, కార్యదర్శిగా చెప్పడం లేదు. గోడౌన్ ప్రతిపాదన పెట్టినాయన ఇవన్నీ విని, లోనుకి కంపెనీ తరఫున వ్యక్తిగత హామీ ఇవ్వడానికి ఒప్పుకున్నారు, అందుకు ఆయనకి కృతజ్ఞతలు.

నియమావళి ముసాయిదా వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాం. వార్షిక సమావేశంలో ఓటింగ్ ఉంటుంది, రాలేనివాళ్లు ప్రాక్సీ ఫారం ముందే పంపండి, ఈ ఏడాది చందా కట్టనివాళ్లకి ఓటు ఉండదు. భోజనాలు సమావేశం అయ్యాకే.