నాన్న వాటా, నా వాటా

ఒరేయ్ మావా,

ఫోన్ ఎత్తనని తిట్టుకుంటున్నావుగా, అందుకే తీరిగ్గా రాస్తున్నా. నాకు షుగర్ బోర్డర్‌లో ఉందిరా. రక్తంలో మూడు నెలల చక్కెర సగటు చెప్పే పరీక్ష (హెచ్‌బీఏ1సీ)లో 6.2 శాతం వచ్చింది. 5.7 దాటితే జాగ్రత్తపడాలట, 6.5 అయితే షుగర్ వచ్చేసినట్టే.

"బక్కపీనుగువి, నీకు షుగరేంట్రా?" అంటావని తెలుసు. డాక్టరమ్మతో నేనూ అదే అన్నా. ఆవిడ పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో చూపించింది. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారట. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకి బరువెంతో చెప్పే లెక్క, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం దొరగారికి 9.1 శాతం, మనాయనకి 21.2! నా చొక్కా కింద దాక్కున్న పొట్ట అప్పుడు గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి నాన్న మీద ఎగిరా, "అంతా నీ రక్తమే" అని. ఆయన మాత్ర మింగుతూ, "నాకు నలభై ఎనిమిదికి వచ్చింది. నువ్వు ముప్ఫై మూడుకే ఎలా తెచ్చుకున్నావురా?" అన్నాడు. ఇక నోరెత్తితే ఒట్టు.

ఎనిమిదేళ్ల నైట్ షిఫ్టు మరి. అర్ధరాత్రి రెండింటికి బిర్యానీ, పగలు నాలుగ్గంటల కునుకు. చికాగోలో 1999లో పదకొండు మంది కుర్రాళ్లని ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారట. నిక్షేపంలాంటి వాళ్లకే రక్తంలో చక్కెర తగ్గే వేగం నలభై శాతం పడిపోయింది. నేను ఆరు రాత్రులతో ఆపానా!

ఇంకోటి విను, నన్ను నిజంగా భయపెట్టింది ఇదే. నిద్రవేళకి మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ పెరుగుతుంది కదా, అప్పుడు ఇన్సులిన్ ఊరడం మందగిస్తుందట. స్పెయిన్‌లో 845 మందికి ఒకరోజు పడుకునే నాలుగ్గంటల ముందు, ఇంకోరోజు గంట ముందు గ్లూకోజ్ నీళ్లు తాగించారు. ఆలస్యంగా తాగినరోజు ఇన్సులిన్ తక్కువ, చక్కెర ఎక్కువ. ఎంటీఎన్‌ఆర్1బీ అనే జన్యువులో ఒక తేడా ఉన్నవాళ్లకి మరీ ఎక్కువ. పుట్టుకతో వచ్చిన ఆ తేడా, వేళకాని వేళ తిండి తోడయ్యేసరికి ఇంకా ముదిరిందన్నమాట. నాకుందో లేదో చూపించుకోలేదు. డబ్బు దండగ, ఉన్నా లేకపోయినా రాత్రి తిండి ముందుకు జరపాల్సిందే అంది డాక్టరమ్మ.

పగటి షిఫ్టు అడిగా, వచ్చే నెల నుంచి ఇస్తారట. రాత్రి ఏడున్నరకల్లా భోజనం, అన్నం సగం. అమ్మ అలిగింది.

మీ ఇంట్లో ఇద్దరికీ షుగరేగా? నువ్వూ ఓసారి టెస్టు చేయించుకుని, వచ్చేటప్పుడు ఆ కాగితం పట్టుకురా. పూతరేకులు తెస్తే రెండే తే, సాయంత్రం ఆరులోపు రా.

నీ
బక్కోడు