వార్షిక నివేదిక: ఆదివారం చిత్రకళ తరగతి, ‘కాపీ’ గొడవ

సభ్యులందరికీ నమస్కారం.

బోరు మరమ్మతు, వినాయక చవితి, ముగ్గుల పోటీ, రక్తదాన శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదివి వినిపిస్తారు. నా నివేదికలో ఎక్కువ భాగం కమ్యూనిటీ హాలులో నడిచే పిల్లల చిత్రకళ తరగతి గురించే. ఈ ఏడాది కార్యవర్గానికి ఎక్కువ ప్రశ్నలు వచ్చింది దాని మీదే. ‘‘ఎవరో వేసిన బొమ్మల్నే మళ్లీ వేయిస్తున్నారేంటండీ, ఇది కాపీ కాదా?’’ అని కొందరు తల్లిదండ్రులు నిలదీశారు. అడగాల్సిన ప్రశ్నే.

టీచర్ గారు రవివర్మతో మొదలుపెట్టారు. 1894లో ఆయన బొంబాయిలో పెట్టిన ప్రెస్ నుంచి వచ్చిన లక్ష్మీ సరస్వతుల బొమ్మలు, వాటి నకళ్లు మన పూజ గదుల్లోకి ఎప్పుడో వచ్చేశాయి. కాబట్టి పిల్లలకు ఆయన పేరు తెలియకపోయినా ఆయన గీత తెలుసు. తర్వాత, సమంత, రమ్యకృష్ణ వంటి తారలతో ఫొటోగ్రాఫర్ జి. వెంకట్ రామ్ రవివర్మ చిత్రాల్లోని స్త్రీల వేషాలు కట్టించి ఫొటోలు తీసిన 2020 క్యాలెండర్ చూపించారు. నగ, చీర, నిలబడిన తీరు అచ్చు గుద్దినట్టున్నాయి. పిల్లలు ఫోన్లు తీసి పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకున్నారు.

మూడోది బెంగళూరు కళాకారిణి ఎన్. పుష్పమాల పని. ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి 2000 - 2004 మధ్య చేసిన ఫొటోల వరుస అది. అందులో రవివర్మ 1889 నాటి ‘వెన్నెల్లో స్త్రీ’గా ఆమే కూర్చుంది. అదే వరుసలో ఇంకో ఫొటో ఉంది: వెనక నలుపు తెలుపు గళ్ల తెర, ముందు కొలతకు నిలబెట్టిన ‘గిరిజన స్త్రీ’, అదీ ఆమే. బ్రిటిష్ కాలంలో మనుషుల ఒళ్లు కొలవడానికి తీసిన ఫొటోల పద్ధతి అది. వెన్నెల్లో అందగత్తె వేషం, కొలతకు నిలబెట్టిన స్త్రీ వేషం ఒకే మనిషి వేసేసరికి, ‘దక్షిణాది స్త్రీ ఇలా ఉంటుంది’ అని ఎవరు తేల్చారన్న అనుమానం దానంతటదే వస్తుంది. క్యాలెండర్ రవివర్మకు దండ వేసింది, పుష్పమాల ఆయన్ని నిలబెట్టి అడిగింది. పేరున్న కవితల్ని అనుకరిస్తూ జరుక్ శాస్త్రి రాసిన పేరడీలు చదివిన పెద్దలకు ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు.

మోనాలిసా పోస్ట్‌కార్డుకు 1919లో మీసాలు దిద్దిన ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ డుషాంప్‌కు పిల్లలు పగలబడి నవ్వారు. అమెరికా చిత్రకారుడు కెహిండే వైలీ దగ్గర మాత్రం చాలాసేపు ఆగారు. ఫ్రెంచ్ చిత్రకారుడు దావీద్ వేసిన, గుర్రమెక్కిన నెపోలియన్ చిత్రంలో కింద రాళ్ల మీద బోనపార్ట్ (నెపోలియన్ ఇంటిపేరు), పూర్వపు యుద్ధవీరులు హానిబాల్, షార్లమేన్‌ల పేర్లుంటాయి. వైలీ 2005లో ఆ గుర్రం మీద మిలిటరీ రంగుల బట్టలేసుకున్న నల్లజాతి యువకుణ్ని ఎక్కించి, రాళ్ల మీద ఆ పేర్ల సరసన ‘విలియమ్స్’ అనే ఇంటిపేరూ రాశాడు.

పిల్లల సొంత పనుల్లో చాలామటుకు తమాషా దగ్గరే ఆగిపోయాయి. దేవతలకు చలువ కళ్లద్దాలు, చేతిలో ఫోన్లు. నాకు నచ్చింది తొమ్మిదో తరగతి అబ్బాయి బొమ్మ: వాళ్ల తాతగారి ఆధార్ ఫొటో వెనక పుష్పమాల ఫొటోలోని ఆ గళ్ల తెర వేశాడు. పక్కన ఒక్క ముక్క వివరణ లేదు, అక్కర్లేదు కూడా.

చట్టం సంగతి కూడా చెప్పించాం. మన దేశంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. రవివర్మ 1906లో పోయారు కనుక ఇబ్బంది లేదు. బతికున్నవారు తీసిన ఫొటోలు అలా కాదు. గాయకుడు ప్రిన్స్‌ను ఫొటోగ్రాఫర్ లిన్ గోల్డ్‌స్మిత్ 1981లో తీసిన ఫొటో ఆధారంగా అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హాల్ బొమ్మలు చేశాడు. వార్హాల్ పోయాక ఆయన ఫౌండేషన్ అందులో ఒకటి పత్రికకు లైసెన్సుకిచ్చింది. దాని మీద నడిచిన కాపీరైట్ కేసులో 2023లో అమెరికా సుప్రీంకోర్టు 7 - 2తో గోల్డ్‌స్మిత్ పక్షాన తీర్పిచ్చింది. మన ప్రదర్శనలో ప్రతి బొమ్మ కిందా మూల చిత్రం పేరు, వేసినవారి పేరు, సంవత్సరం రాయాలని నియమం పెట్టాం. రాయనివి గోడకెక్కలేదు.

తరగతి వచ్చే ఏడాదీ కొనసాగుతుంది, ఫీజు మారదు. అటక మీద పాత దేవుడి క్యాలెండర్లు, కొట్ల ప్రచార క్యాలెండర్లు ఉంటే పారేయకండి, ఆఫీసు గదిలో ఇవ్వండి. చిరిగినవైనా పనికొస్తాయి.

ఇట్లు,
కార్యదర్శి