కొత్త సిలబస్ ముందు అయ్యవార్ల చేతికి రావాలి

సంపాదకుడు గారికి,

మన ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ (జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి) సిలబస్ 2024-25లో వచ్చింది. ఏటా ఒక్కో తరగతి చొప్పున పైకి తెచ్చారు కాబట్టి పిల్లలు ఒక్కసారిగా బెదిరిపోలేదు. ఆ పద్ధతిని మెచ్చుకోవాల్సిందే. తంటా అంతా మిగతా ఏర్పాట్లతోనే. ఇంగ్లిషు మీడియం పిల్లలు పబ్లిక్ పరీక్ష తెలుగులో రాయొచ్చా లేదా అన్నది ఆ ఏడాది నవంబర్ దాకా తేలలేదు. రాసుకోవచ్చని చెప్పేసరికి సగం చదువు అయిపోయింది. అనుమతి ఇవ్వడం న్యాయమే. ఆ మాటేదో జూన్‌లోనే చెబితే పోయేదేముంది?

నేను సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి ఆ పుస్తకం సంగతే చెబుతాను. పాత పదో తరగతి సోషల్ మన దేశపు కొండలు, మైదానాలతో మొదలయ్యేది. ఎన్‌సీఈఆర్‌టీ చరిత్రలో తొలి పాఠం యూరప్‌లో జాతీయవాదం. 1848లో సోరియూ అనే ఫ్రెంచి చిత్రకారుడు వేసిన బొమ్మతో ఎత్తుకుంటారు. చేతిలో కాగడా పట్టుకున్న స్వేచ్ఛామూర్తి ముందు నుంచి ఒక్కో దేశం వాళ్లు తమ జెండాలతో, తమ దుస్తుల్లో బారులు తీరి నడుస్తుంటారు. ఎవరు ఏ దేశం వాళ్లో, నేలమీద ముక్కలై పడున్నవేమిటో అయ్యవారికి ముందే తెలిస్తే పాఠం రక్తి కడుతుంది. తెలియకపోతే ‘బొమ్మ వదిలేయండ్రా, కింద పేరా అండర్‌లైన్ చేసుకోండి’ అంటారు. పుస్తకం పిల్లలతోపాటే ఆయన చేతికీ వస్తే ఇంకేం చేస్తారు!

అందుకే ట్రైనింగ్ వేసవిలోనే అయిపోవాలి. అదీ పల్లిపాడులోని డైట్‌కు, అంటే జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థకు, రమ్మంటే సీతారామపురం, ఉదయగిరి వాళ్లకు రానూపోనూ ప్రయాణంతోనే పొద్దు గూకుతుంది. చుట్టుపక్కల బడులకు కేంద్రంగా ఉండే స్కూల్ కాంప్లెక్సుల్లోనే పెట్టి, కష్టమైన పాఠాన్ని నిజంగా బోధించి చూపించగల అయ్యవార్లను, పంతులమ్మలను పంపాలి. తెర మీద స్లైడ్లు తిప్పి, సంతకాలు పెట్టించుకుని, టీ ఇచ్చి పంపే ట్రైనింగులు ఇప్పటిదాకా చూసినవి చాలు.

ఏ పాఠానికి ఎన్ని మార్కులో చెప్పే బ్లూప్రింట్, మోడల్ పేపర్లు కూడా పుస్తకంతోపాటే రావాలి. ఆలస్యమైతే టౌన్లలోని ప్రైవేటు స్కూళ్లకు ఇబ్బంది లేదు, సొంత మెటీరియల్ వేసుకుంటాయి. వరికుంటపాడు, కలిగిరి వైపు పిల్లలకు బజార్లో దొరికే గైడే దిక్కు. అందులో ఉన్నది ఊహించి రాసిన ప్రశ్నలే.

ఈ మార్పు ఇంతటితో ఆగేది కూడా కాదు. 2023 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ప్రకారం ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే మళ్లీ మారుతున్నాయి. 3, 6 తరగతులవి 2024లో, 4, 5, 7, 8వి 2025లో వచ్చాయి. పై తరగతుల కొత్త పుస్తకాలను మన రాష్ట్రం తెచ్చుకునేటప్పుడైనా పరీక్ష ఏ భాషలో, మార్కులు ఏ పాఠానికి ఎన్ని అన్నది ముందు తేల్చి, ఆ తర్వాతే పుస్తకాలు అచ్చుకు పంపాలని విద్యాశాఖను కోరుతున్నాను. అందుకు వ్యవధి చాలకపోతే ఇంకో ఏడాది పాత పుస్తకమే నడిపించండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
వింజమూరు, నెల్లూరు జిల్లా