గదిని కొలిచాకే డైనింగ్ టేబుల్

సంపాదకులు గారికి,

డైనింగ్ టేబుల్ కొనేటప్పుడు చాలామంది బల్లనే కొలుస్తారు, కుర్చీ వెనక్కి జరిపే చోటు మరిచిపోతారు. బల్ల అంచు నుంచి గోడకు కనీసం 36 అంగుళాలు వదలాలి. కూర్చున్నవారి వెనక మనుషులు నడిచే వైపైతే 44. అంటే 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవున్న గదిలో 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు మించిన బల్ల పట్టదు. బీరువా ఉంటే దాని లోతూ తీసేయాలి.

మనిషికి 24 అంగుళాల అంచు కావాలి. 'ఆరుగురి బల్ల' అన్న మాట నమ్మకండి, బల్ల కాళ్ల మధ్య ఖాళీ కొలవండి. పైపలక 60 అంగుళాలున్నా కాళ్ల మధ్య 44 అంగుళాలే ఉంటే ఆ వైపు ఇద్దరికే ఇరుకు, మోకాళ్లు కొట్టుకుంటాయి. కొనేముందు పాత దుప్పటిని ఆ కొలతకు మడిచి నేలపై పరచండి. చుట్టూ కుర్చీలు వేసి, కూర్చుని, లేచి చూడండి.

– ఒక పాఠకుడు