రజితకు నాన్న

బిడ్డా రజితా,

ఇక్కడ అందరం బాగున్నాం. పత్తి మొదటి ఏరుడు అయింది. బతుకమ్మకు వచ్చిపోయాక నీ ఫోన్ లేదు, పనిలో ఉన్నావనుకుంటున్నాం. మొన్న సరోజత్త మీ ఆఫీసులో మందిని తీసేస్తున్నారని ఏదో అంది. దాని మాటలు నేను పట్టించుకోను. వేళకు తింటున్నావా?

చేనులో గులాబీ పురుగు మళ్లీ పడింది. నిన్న ఒక కాయ పగలగొట్టాను. పైకి నిగనిగలాడుతోంది. లోపల ఒక తొన గట్టిపడి, దూది రంగు మారి, పురుగు గింజలో తల దూర్చి ఉంది. 2002లో పురుగును చంపే విషం మొక్కలోనే ఉండే బీటీ పత్తి వచ్చినప్పుడు దీని పని అయిపోయిందన్నారు. 2010 నాటికే గుజరాత్‌లో ఆ విషాన్ని తట్టుకునే పురుగులు బయటపడ్డాయి. తర్వాత రెండు విషాలున్న బీజీ-2 అనే బీటీ విత్తనానికీ చావడం మానేశాయి.

దీనికి శీనుగాడు అరుగు మీద ‘మారినోడే బతుకుతాడు, ఉద్యోగాలైనా అంతే’ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఏ పురుగూ కష్టపడి మారలేదు బిడ్డా. ఎక్కడో కొన్నింటికి పుట్టుకతోనే విషం అంటని గుణం ఉంది. మిగతావి చచ్చాయి, ఇవి వీటితోనే జతకట్టాయి, పిల్లలకు అదే గుణం దిగింది. బీటీ లేని చేనులో ఆ గుణంతో ఒరిగేదేమీ లేదు.

అందుకే విత్తనంతో 120 గ్రాముల నాన్‌బీటీ ప్యాకెట్ ఇచ్చేవారు. చేను చుట్టూ వేస్తే అక్కడ మామూలు పురుగులు బతుకుతాయి. తట్టుకున్నవి వాటితో జతకడితే పుట్టే పిల్లలు బీటీ తిని చస్తాయి. ఊళ్లో చాలామంది ఆ ప్యాకెట్లు గట్టు మీదే పారేశారు. మీ తాత మాత్రం ఐదు వరుసలూ వేశాడు. పురుగులకు కూడు పెడుతున్నాడని నవ్వారు. ఆయన పలకలేదు, సంక్రాంతి దాటకుండా కట్టె కూడా పీకించేవాడు. ఈ పురుగుకు మన దగ్గర పత్తి తప్ప వేరే తిండి లేనట్టే, ఎండాకాలం దాకా చేను ఉంచితే దాన్ని మనమే సాకినట్టు. ఒక్కడు చేస్తే ఏమవుతుంది, చుట్టూ చేలు అట్లనే ఉంటే?

సరోజత్త మాట నిజమే అయితే దాచకు. తీసేసినంత మాత్రాన నీకు పని రాదని కాదు. రాత్రుళ్లు మేల్కొని టెన్షన్ పడకు. ఇంటి కిరాయికి ఇబ్బందైతే చెప్పు, పత్తి డబ్బులు వస్తాయి. అమ్మ సకినాలు, చింతకాయ తొక్కు బస్సులో వేసింది, సీసా మూత గట్టిగా బిగించుకో. ఆదివారం పొద్దున్నే ఫోన్ చెయ్యి, పదింటికి నేను చేనుకు పోతాను.

నాన్న